ముసుగేసిన తొట్లు

అనగనగా ఒక ఊరు. ఊరంటే అక్కడివాళ్లకు కోపం, పట్టణం అనాలి. సరే, అనగనగా ఒక పట్టణం. పేరు గరికపట్నం.

అందులో పిచ్చుకలకొక వీధి, మేకలకొక వీధి, కోళ్లకొక వీధి, బాతులకొక వీధి. నాలుగు వీధులకూ కలిపి ఒక్కడే పట్టణాధ్యక్షుడు, చిత్రపింఛుడు అనే నెమలి. ఆయన పరిపాలన ఎలా ఉండేదో నాకు తెలియదు. తోక మాత్రం బ్రహ్మాండంగా ఉండేది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. గుక్కెడు నీళ్ల కోసం పట్టణం దాటి వాగుకు పోవాలి. ఆ దారిలో నీడ లేదు, నెత్తిన గద్ద ఉంది. కోళ్ల వీధి పుల్లమ్మ ఏడుగురు పిల్లలతో నీళ్లకు వెళ్లి, ఐదుగురితో తిరిగొచ్చింది.

అప్పుడు నెమలి చాటింపు వేయించాడు. "ఇంటికో తట్ట గింజలు ఇవ్వండి. వీధికో రాతి తొట్టి కట్టించి, నీళ్లు నింపిస్తాను."

అందరూ ఇచ్చారు. పుల్లమ్మా ఇచ్చింది. ఇస్తూ అడిగింది, "ఎప్పటికి కట్టిస్తావు నాయనా?"

"శుభస్య శీఘ్రం!" అన్నాడు నెమలి.

ఇలా సంస్కృతంలో జవాబిచ్చేవాళ్లను నేనైతే నమ్మను. మీ ఇష్టం.

గరికపట్నంలో ఒక మర్యాద ఉండేది. పిలవని పేరంటానికి ఎవరూ వెళ్లరు. ఏ వీధి వేడుకైతే ఆ వీధివాళ్లకే బొట్టు పెట్టి పిలుపు. పక్క వీధిలోకి తొంగి చూడటం కూడా పరువు తక్కువ. ఈ మర్యాద అంటే నెమలికి ప్రాణం. ఎందుకో చూద్దురుగాని.

మొదటి వేడుక పిచ్చుకల వీధిలో. కొబ్బరికాయ కొట్టారు, తొట్టికి పసుపు రాశారు. నెమలి తొట్టి ముందు నిలబడి పురి విప్పాడు. పిచ్చుకలన్నీ తోకను చూస్తూ నోళ్లు తెరిచాయి. తొట్టి తోక వెనక ఉండిపోయింది. ఆట ముగియగానే దానిమీద పచ్చని ముసుగు పడింది.

"సున్నం ఆరాలి. నలభై రోజులపాటు ఏ వీధివాళ్లూ తమ తొట్టి ముసుగు తాము తీయరాదు, తీస్తే అరిష్టం!" అన్నాడు నెమలి. "పదండి, వీధి చివర పప్పుబెల్లాలు పంచుతున్నారు!"

పిచ్చుకలు బిలబిలమంటూ ఎగిరిపోయాయి. ఒక పిచ్చుక మాత్రం తోక వెనకనుంచి వస్తున్న పుల్లమ్మను చూసింది.

"నిన్నెవరు పిలిచారక్కా?"

"దాహం పిలిచింది తల్లీ. అది సరేగానీ, మీ కొత్త తొట్టి అంచున మిరపకాయంత పగులుందేం?"

"ఏమో! తోక ఎంత బాగుందో చూశావా?"

రెండో వేడుక మేకల వీధిలో. మళ్లీ కొబ్బరికాయ, మళ్లీ తోక, మళ్లీ ముసుగు, మళ్లీ పప్పుబెల్లాలు. పుల్లమ్మ మళ్లీ వచ్చింది.

"సిగ్గులేదుటే? పిలవని పేరంటానికి వచ్చావు!" అన్నాడు గడ్డం మేకతాత.

"ఉంది తాతా. ఇంట్లో పెట్టి వచ్చాను," అంటూ పుల్లమ్మ తోక చుట్టూ తిరిగి చూసింది. అదే మిరపకాయంత పగులు. అందులో, ఎంత కడిగినా పోని పాత పసుపు.

మూడో వేడుక కోళ్ల వీధిలో. ఈసారి పుల్లమ్మ ఆగలేదు. ఆట మధ్యలోనే అరిచింది, "అదే పగులు!"

నెమలి ఆడుతున్నవాడల్లా ఆగాడు. "ఒక కొండ రాళ్లు కదా, ఒకలాగే పగులుతాయి," అన్నాడు. తర్వాత దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "పుల్లమ్మత్తా, మీ తొట్టికి ముసుగే వేయనులే. నీ పిల్లలు ఇప్పుడే తాగొచ్చు. ఊళ్లో వాళ్ల గొడవ నీకెందుకు చెప్పు?"

అప్పటికప్పుడే తొట్టి నింపించాడు. పిల్లలైదుగురూ తొట్టెక్కి గటగటా తాగారు. వాగు లేదు, గద్ద లేదు.

"మనకొచ్చిందిగా!" అన్నాడు మొగుడు పుంజు. "ఇంక నోరు మూసుకోవే."

అబద్ధమెందుకు, పుల్లమ్మ నోరు మూసుకుంది. తల్లి కదా. కానీ ఆ మధ్యాహ్నమే బాతుల వీధికి బొట్టు పెట్టి పిలుపు వెళ్లింది. సోమవారం వాళ్ల తొట్టికి ప్రారంభోత్సవమట.

"మూడు వీధులు తిరిగిన తొట్టి నాలుగో వీధికి నడవలేదా? సోమవారం నా పిల్లలు మళ్లీ వాగు దారి పట్టాల్సిందేనా?" అనుకుంది పుల్లమ్మ. కుంకుమ భరిణె తీసుకుని బయలుదేరింది.

పిచ్చుకలకు బొట్టు పెట్టి చెప్పింది, "మేకల తొట్టి మీదానికి రెండింతలుందట. రేపు మా ఆయన కూయగానే వెళ్లి చూడండి."

"మా గింజలతోనా!" అన్నాయి పిచ్చుకలు. "కానీ ముసుగు తీస్తే అరిష్టం కదక్కా?"

"మీ ముసుగు మీరు తీస్తేగా? అది మేకలది."

మేకలకూ బొట్టు పెట్టింది, పిచ్చుకల తొట్టిని పొగిడింది.

మర్నాడు పుంజు ఎప్పటిలాగే కూశాడు. పాపం, అతనికేమీ తెలియదు. మేకలు పిచ్చుకల వీధిలో ముసుగు లాగాయి. కింద చిల్లుల తట్ట బోర్లించి ఉంది! పిచ్చుకలు మేకల వీధిలో ముసుగు ఎత్తాయి. కింద ముళ్లకంప! రెండు గుంపులూ నడివీధిలో ఎదురుపడ్డాయి.

"మీ తొట్టి ఏదీ?"

"ముందు మీ తొట్టి ఏదో చెప్పండి!"

"ఇటు రండి," అంది పుల్లమ్మ. "మీ తొట్టీ ఇదే, మీ తొట్టీ ఇదే. ప్రస్తుతానికి మా వీధిలో కాపురం పెట్టింది."

పుంజు రెక్కతో ముఖం కప్పుకున్నాడు.

నెమలి పరుగున వచ్చి పురి విప్పబోయాడు. మేకతాత ఆ తోక మీద కాలు వేశాడు. "ఆట తర్వాత చూస్తాం నాయనా. ముందు నీ కొట్టు చూపించు."

కొట్టు తెరిస్తే గింజల తట్టలు వరసగా ఉన్నాయి. తినగా మిగిలినవి చాలానే ఉన్నాయి. ఆ గింజలతోనే తక్కిన మూడు వీధులకూ తొట్లు కట్టారు. రాళ్లు మోసింది నెమలే. మోస్తుంటే తోక తెగ అడ్డం వచ్చింది. ఆనాటినుంచి ఏ వీధిలో ప్రారంభోత్సవమైనా మొదటి బొట్టు పక్క వీధులవాళ్లకే. అందరూ నీళ్లు తాగాకే ఆటలు, పాటలు.

నాలుగో తొట్టి నిండిన రోజున నెమలి చెమట తుడుచుకుంటూ అడిగాడు. "ఇప్పటికైనా నీ అనుమానం తీరిందా అత్తా?"

"దాహం తీరింది నాయనా," అంది పుల్లమ్మ. "అనుమానమంటావా, అది ఇంటి పిల్ల. పొద్దున్నే మళ్లీ లేస్తుంది."

నీతి: మనకొచ్చింది చాలని నోరు మూసుకుంటే వచ్చింది కూడా నిలవదు, ఊరి సొమ్ముతో చేసిన పనిని ఊరంతా ముసుగెత్తి చూసుకోవాలి.