చవిటిపాలెం ఆవిరమ్మ తల్లి – మాపటి దర్శనం

చవిటిపాలెం పొలిమేరలో బస్సు దిగి ఎడమచేతి మట్టిబాట పట్టిన భక్తులకు గుడి కంటే ముందు పచ్చదనం ఎదురవుతుంది. ఏ గోడ మీద చూసినా బీరపాదు. ఏ గుమ్మం పక్కన చూసినా పగిలిన కుండల్లో పొన్నగంటి కూర, కొత్తిమీర, పుదీన, వాము ఆకు. ఆ బాట చివర, పెంకుల కప్పు కింద, నల్లరాతి రూపంలో ఆవిరమ్మ తల్లి కొలువై ఉంది. హోమగుండం ఉండవలసిన చోట తల్లి ఎదుట ఒక ఎరువు కుప్ప ఉంటుంది. ముక్కు మూసుకోనక్కరలేదు. బాగా మాగిన ఎరువుకు తొలివాన పడిన నేల వాసన తప్ప మరో వాసన ఉండదు. ఈ తల్లికి కొబ్బరికాయ తేవాలన్న నియమం లేదు. ఇంట్లో తరిగిన కూరగాయల తొక్కలు, దేవుడి దగ్గర వాడిన పూలు తెస్తే చాలు. ఇదేం ఆచారమని తొలిసారి వచ్చినవారు అడుగుతూ ఉంటారు. అడగవలసిందే. ఒక మనిషి ఊరుకోకుండా అడిగినందుకే ఈ తల్లి ఇక్కడ వెలిసింది.

పూర్వం ఇక్కడ గరిక కూడా మొలిచేది కాదు. నేలంతా చవుడు. ఎండాకాలం వస్తే ఉప్పు చల్లినట్టు తెల్లగా మెరిసేది. ఆ చవుడు మన్నునే తవ్వి, బట్టలుతికే రేవులకు తోలి, బదులుగా ఊరివారు తిండిగింజలు తెచ్చుకునేవారు. కూర కావాలంటే గెడ్డ దాటి అవతలి ఊరి సంతకు పోవాలి. వానలు పట్టి గెడ్డ పొంగిందా, నీళ్ళు తీసేదాకా అందరికీ చింతపండు పులుసే గతి.

అటువంటి ఊరికి అచ్చియ్యమ్మ కోడలుగా వచ్చింది. భర్త మన్నుబండితో రేవుల వెంట తిరిగేవాడు. ఇంట్లో అత్త సన్యాసమ్మ, చిన్నారి కూతురు ముత్యాలు. అచ్చియ్యమ్మ నోటికి ఊరు జడిసేది. తనకు సబబు అనిపించని మాటను ఎవరన్నా సరే, నాలుగు వైపులా తిప్పి చూపించి గానీ వదిలేది కాదు. "నీ నోటికి రాయైనా మొలకెత్తాలే కోడలా, మన పెరటికి మాత్రం సిగ్గు లేదు" అనేది సన్యాసమ్మ.

ఒక వానాకాలం ముత్యాలు పొద్దు గూకగానే గోడ తడుముకుంటూ నడవడం మొదలుపెట్టింది. పగలు చీమను కూడా చూసే పిల్ల, మాపటికి తల్లి ముఖం ఎటున్నదో తెలియక చేతులు చాచేది. ఒకనాడు పొయ్యి పక్కనున్న గంజికుండను కాలితో తన్నుకుని ఒళ్ళు కాల్చుకుంది. ఊరి మీదుగా పోతున్న పసరు వైద్యుడు పిల్ల కళ్ళు చూసి, "రేచీకటమ్మా. రోజూ ఆకుకూర పెట్టు, తగ్గుతుంది. పెట్టకపోతే పగటి చూపు కూడా పోవచ్చు" అని చెప్పి వెళ్ళిపోయాడు. గెడ్డ అప్పటికే ఒడ్డులు ఒరుసుకుని పారుతోంది. ఆకుకూర ఎక్కడి నుంచి తెస్తుంది?

అచ్చియ్యమ్మ తానే పండించాలనుకుంది. పగిలిన కుండల్లో గెడ్డ ఒండ్రు నింపింది. అటక మీది మూటలో తోటకూర విత్తులు దొరికాయి. మొక్క బలంగా రావాలన్న ఆత్రంలో, అప్పుడే తీసిన పచ్చి పేడనూ వంటింటి తొక్కలనూ మొదట్లోనే దట్టించింది. విత్తులు మొలిచాయి, రెండాకులు విప్పాయి, ఆ తర్వాత వేళ్ళు మాడి ఒక్కటొక్కటిగా వాలిపోయాయి. అచ్చియ్యమ్మ పెరట్లో నిలబడి నేలతోనే తగువు పెట్టుకుంది. "ఉన్నదంతా నీకు పెట్టానే! తినడం కూడా రాదా నీకు?"

ఆ తెల్లవారుజామున ఆమెకు కల వచ్చింది. పెరటి మూల ఒక నల్లని ముసలమ్మ కూర్చుని ఉంది. ఆమె తల మీద నుంచి ఆవిరి లేస్తోంది.

"నీ బిడ్డకు బియ్యం ఉడకెయ్యకుండా పెడతావా?" అని అడిగింది ముసలమ్మ.

"ఎందుకు పెడతాను?"

"మరి నాకు పచ్చిది ఎందుకు పెట్టావు?"

కలలోనైనా అచ్చియ్యమ్మ తగ్గలేదు. "వండి పెట్టడానికి పొయ్యి ఎక్కడుంది? వానలో తడవని కట్టె ఊళ్ళో ఒక్కటి చూపించు."

ముసలమ్మ నవ్వింది. "నీ నోటికి నిద్ర కూడా లేదే! కట్టెలు వద్దు. ఎండుటాకు పరుచు, దాని మీద పచ్చిది వెయ్యి, పేడనీళ్ళు చల్లు, మన్ను కప్పు. అలా వరస మీద వరస పేర్చు. ఒకసారి తిరగెయ్యి. నాకు నేనే ఉడుకుతాను. నా ఒంటి వేడి దిగేదాకా మాత్రం నన్ను ముట్టుకోకు."

"ఎప్పుడు దిగుతుంది?"

"కర్ర గుచ్చి అడుగు, చెప్తాను."

అచ్చియ్యమ్మ లేచి, చెప్పినది చెప్పినట్టు పేర్చింది. కొన్నాళ్ళకు, వాన తెరిపిచ్చిన ఒక చలిపొద్దున కుప్ప మీద నుంచి ఆవిరి లేవడం ఊరి కంట పడింది. అంతకు ముందటి ఏడే నిప్పంటుకుని ఊరి తాటాకు ఇళ్ళు సగం బూడిదయ్యాయి. ఊరిపెద్ద అప్పలస్వామి పారలు పట్టించుకుని వచ్చాడు.

"పొగ లేస్తోంది కోడలా. కుప్ప చెదరగొట్టాలి. తప్పుకో."

చెదిరితే వేడి పోతుంది, ఎరువు మాగదు, పిల్లకు ఆకుకూర ఉండదు. అచ్చియ్యమ్మ కుప్పకు అడ్డం నిలబడింది. "మావయ్యా, మీ ఇంట్లో అన్నం కుండ మూత తీస్తే ఏం లేస్తుంది?"

"ఆవిరి."

"దానికీ పారలు తెచ్చుకుంటారా?"

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పలస్వామి కోప్పడలేదు. కాలిన ఊరికి పెద్ద ఆయన. "మాటకేం, బాగానే ఉంది. లోపల నిప్పు లేదని నాకెలా తెలిసేది?" అన్నాడు.

అది సబబైన ప్రశ్న. అచ్చియ్యమ్మ చూరు నుంచి ఎండిన తాటాకు పీకి కుప్ప మధ్యలోకి దోపింది. తన చెయ్యి కూడా మోచేతి దాకా పెట్టింది. తీస్తే చెయ్యి ఎర్రబడింది గానీ కాలలేదు. తాటాకు చెమర్చింది గానీ అంటుకోలేదు. ఇంతలో సన్యాసమ్మ కర్ర ఊతంతో వచ్చి, నొప్పుల చేతులు రెండూ ఆ ఆవిరి మీద చాచింది.

"ఇన్నాళ్ళూ మీరు కుంపటి పెట్టుకుని చలి కాచుకున్నారు గానీ, ఇంత హాయి ఏదిరా అప్పలసామీ? దీన్ని చెదరగొట్టాలంటే ముందు నన్ను లేపండి" అని అక్కడే చతికిలబడింది. ఊరిపెద్ద పారలు వెనక్కి పంపి, తానూ చేతులు చాచాడు.

ఆ తర్వాతి రోజులే అచ్చియ్యమ్మకు కష్టమయ్యాయి. మాపటి వేళ పిల్ల తడుములాడినప్పుడల్లా కుప్ప విప్పెయ్యాలని ఆమె మనసు పీకేది. కర్ర గుచ్చి తీస్తే మొన చేతికి చుర్రుమనేది. ఎవరికీ లొంగని మనిషి ఆ వేడి ముందు నోరు మూసుకుని వెనక్కి వచ్చేది. ఒక ఉదయం కర్ర చల్లగా వచ్చింది. మొన వాసన చూస్తే తొలివాన వాసన. ఆ నల్లటి ఎరువు కలిపిన కుండల్లో ఈసారి తోటకూర మోకాలెత్తు లేచింది. గెడ్డ తీశాక అవతలి గట్టు నుంచి తెచ్చి గుచ్చిన పొన్నగంటి కొమ్మ గుబురు కట్టింది. ముత్యాలు రోజూ ఆకుకూర తిన్నది. ఇరుగుపొరుగులు దోసిళ్ళతో ఎరువు పట్టుకుపోయి తమ కుండలూ నింపుకున్నారు. కుప్ప రోజురోజుకీ తరిగింది.

ఒక మాపు, ఇంకా దీపం పెట్టలేదు. గుమ్మంలో కూర్చున్న ముత్యాలు, "అమ్మా, పెరట్లో ఎవరో అవ్వ కూర్చుంది" అంది.

"ఎక్కడే?"

"అదిగో, కుప్పలో. నల్లగా ఉంది. మనకేసి చూస్తోంది."

అచ్చియ్యమ్మ పెరటి వైపు చూడలేదు. ముందు కూతురి కళ్ళలోకి చూసింది. మునిమాపు వేళ ఆ కళ్ళు తడుములాడకుండా ఒక్కచోట నిలిచి ఉన్నాయి. పిల్లను గుండెకు హత్తుకుని ఇరుగుపొరుగులను కేకేసింది. తర్వాత అందరూ వెళ్ళి చూస్తే, తరిగిపోయిన కుప్ప నడుమ, ఎవరూ పెట్టని నల్లరాయి కూర్చున్న ముసలమ్మ ఆకారంలో ఉంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. ఆమే ఆవిరమ్మ తల్లి.

నాటి నుంచి ఈ గుడిలో అర్చన ఆ ఇంటి కోడళ్ళదే. చలికాలపు ఉదయాల్లో కర్పూరం వెలిగించరు. భక్తులు కుప్ప మీది ఆవిరికి అరచేతులు చాచి కళ్ళకు అద్దుకుంటారు, అదే హారతి. ఎరువు ప్రసాదం కోరినవారు ముందు కర్ర గుచ్చి, మొన పట్టుకుని, వాసన చూడాలి. వేడిగా ఉంటే ఎంత గొప్పవారైనా మరోసారి రావలసిందే. చల్లబడితే అడ్డాకు పొట్లంలో పిడికెడు ఎరువు, చిటికెడు విత్తులు ఇస్తారు. వాటిని పూజగదిలో దాచకండి. కుండీలో వెయ్యండి. ఇక కంటి బాధ ఉన్నవారిని వైద్యుడి దగ్గరకు వెళ్ళవద్దని తల్లి ఎన్నడూ చెప్పలేదు. ఆనాడు వైద్యుడి మాటనే ఆమె నిలబెట్టింది.

సాయంత్రం వరకు ఆగగలిగిన భక్తులు తప్పక ఆగండి. పొద్దు గూకాక గర్భగుడిలో వెంటనే దీపం పెట్టరు. వచ్చినవారిలో అందరికంటే చిన్నపిల్లను గుమ్మంలో నిలబెట్టి, అర్చన చేసే కోడలు "ఎవరున్నారే లోపల?" అని అడుగుతుంది. పిల్ల ఆ మసక వెలుతురులోకి తొంగి చూసి, "అవ్వ" అంటుంది. అప్పుడు దీపం వెలిగిస్తారు.