ఆరో తూటా

వెనకటి జమీందారీ రోజుల మాట. జగ్గభూపతి దొర దివాణంలో తాసీల్దారు విచారణకు కూర్చున్నాడు. వెట్టికి రానన్నందుకు కమ్మరి సోమలింగాన్ని దీపావళినాడు దొరే కాల్చి చంపాడని ఊరంతా గుసగుసలు. చూసినవాళ్లు మాత్రం నోరు మెదపలేదు.

దొర తన రివాల్వరు బల్లమీద పెట్టాడు.

"దసరా ఆయుధపూజకి నా చేత్తో ఆరు తూటాలూ పెట్టి, కుంకుమ అద్దాను. ఆనాడే తూటాల చక్రం బిగుసుకుపోయింది. అది తిరగని తుపాకీ ఎలా పేలుతుంది?"

దాన్ని తెరిపించడానికి తాసీల్దారు కమ్మరిని పిలిపించాడు. ఊళ్లో మిగిలింది సోమలింగం తండ్రి నాగలింగాచారి ఒక్కడే. ఆ తుపాకీని ముట్టుకోవడానికి ముసలాయనకు చెయ్యి రాలేదు. చివరికి అందుకుని చక్రాన్ని లాగి చూశాడు. ఎక్కడ పట్టేసిందో వేళ్లకు తెలిసింది.

"బిగుసుకున్నమాట నిజమే బాబూ," అన్నాడు.

దొర మీసం దువ్వుకున్నాడు.

"దసరా తర్వాత దీన్నెవరూ తెరవలేదు గదా, దొరా?"

"ఎవడి తరం? ఎవరూ తెరవలేదు."

ఆచారి తుపాకీ మూతిని గోడవైపు తిప్పాడు. సందుల్లో కిరసనాయిలు చుక్కలు వేసి నాననిచ్చి, చెక్కసుత్తితో మెల్లగా తట్టాడు. చక్రం తెరుచుకుంది. అయిదు తూటాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఆరోది గుండు లేని ఉత్త గొట్టం. పేలినప్పుడు ఉబ్బి, చక్రాన్ని పట్టేసింది అదే.

"ఎవరూ తెరవని తుపాకీలో ఆరో తూటా ఏమైంది?" తాసీల్దారు దొరవైపు తిరిగాడు.

ఆచారి సుత్తిని సంచిలో పెట్టుకున్నాడు.

"అదెక్కడుందో నాకు తెలుసు బాబూ. నా బిడ్డతోపాటు నేనే పూడ్చిపెట్టాను."