మసిరాళ్ళు పంచుకున్న కొండ

పట్నానికి గంట ప్రయాణం దూరంలో ఒక కొండ, దాని నిండా అడవి. శనివారం వచ్చిందంటే చాలు, పట్నంవాళ్ళు కార్లేసుకొచ్చి అక్కడ గుడారాలు వేసుకునేవారు. ఫలానా చోటే దిగాలన్న నియమం లేదు. అయినా ఏళ్ళ తరబడి అందరూ రోడ్డుకు దగ్గరున్న చదునులోనే దిగేవారు. ఆ చదును పక్క పొదల్లో అడవిపంది కుటుంబం ఉండేది. పాటల మోత, లైట్ల వెలుగు, పగిలిన సీసాలు అన్నీ దాని వంతే. పట్నానికి ప్రకృతి మీద ప్రేమ పుట్టినప్పుడల్లా పందిపిల్లల కాళ్ళు తెగేవి.

ఆ వేసవిలో పంది జంతువులన్నిటినీ పిలిచి గోడు చెప్పుకుంది. మీరంతా పైన చల్లగా ఉన్నారు, మనుషుల్ని భరించడం మా ఒక్కరి పనా అని అడిగింది.

ముసలి అడవిదున్న ఒక దారి చెప్పింది. చదును ఎలాగూ పాడైంది కాబట్టి దాన్ని మనుషులకే వదిలేసి, పందుల్ని పైన ఊట ఉన్న లోయలోకి పిలుచుకుందాం అంది.

ఊట మాట రాగానే అందరూ చూపులు తిప్పుకున్నారు. ఎండాకాలంలో ఆ కొండ మీద నీళ్ళున్న చోటు అదొక్కటే. దాని పక్కనే కణుజు కాపురం. కణుజంటే జింకల్లో పెద్దది. అప్పటికి అది నిండు చూలాలు. కాన్పయ్యాక పాలు పడాలంటే దానికి ఆ నీళ్ళే గతి.

"పందిమావంటే నాకు గౌరవమే," అంది కణుజు మెల్లగా. "కానీ మావ వాళ్ళు నీళ్ళలో పొర్లుతారు. ఊట బురదైపోతే నేనేం తాగాలి, నా బిడ్డకేం పట్టాలి?"

"మా ఒంటి బురద అంత రోతగా ఉందా, కోడలుపిల్లా?" అని పంది అడిగింది.

అప్పుడు నక్క ముందుకొచ్చింది. మనుషులు వదిలేసిన తిండిని చదునులో పందులే ముందుగా ఊడ్చేసేవి. నక్కకు మిగిలేది నాకిన కాగితాలే. ఆ సంగతి మాత్రం పైకి చెప్పలేదు.

"మనుషుల్ని నేను దగ్గరగా చూశాను," అంది. "వాళ్ళకు అడవి తెలియదు. మసిపట్టిన పొయ్యిరాళ్ళు కనిపిస్తే చాలు, ఇదివరకు ఎవరో దిగారులే అని అక్కడే దిగుతారు. చదునులో ఉన్న ఆ రాళ్ళను తలా కాసిని తీసుకెళ్ళి కొండంతా పెట్టుకుందాం. తలా కొంచెం భరిస్తే ఎవరికీ బరువనిపించదు."

కుర్ర కొండముచ్చు ఒకటి కొమ్మ మీంచి దూకింది. న్యాయం అన్న మాట వింటే దానికి ఒళ్ళు నిలిచేది కాదు. భారం సమానం, అడవి సమానం అని గొంతెత్తింది. కోతిమూక అందుకుంది. ఊటను పంచుకోవడం వేరు, రాళ్ళను పంచుకోవడం వేరు అని దున్న చెప్పబోయింది గానీ ఆ కేకల్లో ఎవరికీ వినపడలేదు. నినాదం అంత బాగుంది. పందికి చోటివ్వాల్సిన పని దానితోనే తప్పిపోయింది.

అందరికంటే ముందు కణుజే తలూపింది. ఊట దగ్గర కూడా ఒక పొయ్యి పెట్టమంది. వారానికో రాత్రి వచ్చిపోయేవాళ్ళే కదా, పక్కన కాపురం పెట్టేవాళ్ళకంటే నయమే అనుకుంది.

కొండముచ్చులు రాళ్ళు మోశాయి, ఎలుగుబంటి దొర్లించింది. నక్క మాట అక్షరాలా నిజమైంది. రాళ్ళున్న ప్రతిచోటా గుడారం లేచింది. అయితే చదును మాత్రం ఖాళీ కాలేదు. రోడ్డు అక్కడే ఉంది, నేల అక్కడే ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు కొత్త పొయ్యిలు పెట్టుకున్నారు. ఇదివరకు చదును నిండితే కొందరు వెనక్కి తిరిగి పోయేవారు. ఇప్పుడు ఎంతమంది వచ్చినా కొండంతా చోటే. ఆ కబురు పట్నమంతా పాకింది.

ఊట దగ్గర బిర్యానీ గిన్నెలు తోమారు, తలంట్లు పోసుకున్నారు. నీళ్ళ మీద నురగ తెట్టుకట్టింది. కణుజు మూతి పెట్టి వెనక్కి తీసుకునేది. ముళ్ళపొదల్లో ఈనింది. పాలు సరిగా పడలేదు.

కొండముచ్చు పరుగున వచ్చి ఊట దగ్గర రాళ్ళన్నీ విసిరేసింది. తరవాతి వారం వచ్చినవాళ్ళు వేరే రాళ్ళు తెచ్చుకున్నారు. అప్పటికే కాలిబాట పడింది, బూడిద పేరుకుంది, ఫోటోలు ఊరంతా తిరిగాయి.

నక్క కొన్నాళ్ళు బాగానే మేసింది. ఒకరోజు గుడారంవాళ్ళు వెంట తెచ్చిన కుక్క దాని బొరియను పసిగట్టింది. ఇల్లూ తిండీ రెండూ వదిలేసి నక్క ఏ దిక్కుకు పారిపోయిందో ఎవరికీ తెలియదు.

ఒక సాయంత్రం కణుజు బక్కచిక్కిన పిల్లను వెంటబెట్టుకుని కొండ దిగింది. అవతలి అడవిలో నీళ్ళున్నాయని ఎవరో అన్నారట. అంత దూరం పిల్ల నడవగలదో లేదో దానికే తెలియదు. చదును పక్కన పంది ఎదురుపడింది.

"మావా, ఆ రోజు నిన్ను రానిచ్చి ఉంటే ఊట బురదయ్యేదే కదా," అంది కణుజు. తనకు తాను సర్దిచెప్పుకుంటున్నట్టుంది ఆ గొంతు.

పందికి కోపం చూపించే ఓపిక కూడా లేదు.

"అయ్యేది, కోడలుపిల్లా. బురద పొద్దున్నకల్లా అడుక్కి దిగుతుంది. సబ్బు దిగదు."

పైన కొమ్మ మీద కొండముచ్చు అంతా వింది. కిందికి దిగి, పిల్ల దారిలో ఉన్న గాజుపెంకులు ఏరి పక్కన పడేసింది.

తోటివాళ్ళకు చోటివ్వడానికి మనసొప్పక కీడును పంచుకున్నవాళ్ళకు, చివరికి తమ చోటూ మిగలదు.