గద్ద ముట్టని కోళ్లు

పైడమ్మ గంప కింద రాళ్లు పెట్టినా పిల్లలు లేస్తాయని ఆ ఊళ్లో చెప్పుకునేవారు. అటువంటి పైడమ్మకి మునసబు గవర్రాజు తన పొదుగు పెట్టను, లేచిన పిల్లల్లో చెరిసగమని పాలుకిచ్చాడు. లేచిన పిల్లల్ని ఆవిడ నూకలు, చెదలు పెట్టి కంటికి రెప్పలా సాకినా, సగాన్ని గద్ద తన్నుకుపోయింది. మిగిలినవి తురాయిలు ఎర్రబడి, రేపో మాపో గుడ్డు పెడతాయనగా మునసబు ఏనుగులా ఊగుతూ వచ్చాడు.

"గద్ద పట్టుకుపోయినవన్నీ నీ పాలువే! నా కోళ్ల జోలికి రావడానికి దానికెన్ని గుండెలు?" అంటూ పెట్టలన్నిటినీ తోలుకుపోయాడు.

పైడమ్మ ఆ గుడ్ల మీదే బతుకుదామనుకుంది. మరి ఆ నోరు ఊరుకుంటుందా? వీధివీధీ తిరిగి చాటింది.

"అక్కల్లారా, వదినల్లారా! మునసబు బాబు కోళ్లని గద్ద ముట్టదట! మీ కోళ్లనీ ఆ లోగిట్లోనే వదలండి!"

తెల్లారేసరికి ఏడూళ్ల కోళ్లు అక్కడ దిగాయి. మంచం మీద కోళ్లు, కంచంలో కోళ్లు, మునసబు మీసాలకి చెరొకటి వేలాడాయంటే నమ్మండి! తోలబోతే, "తమరి మాటే కదా బాబూ!" అన్నారు ఆడాళ్లు.

"గద్దకి దొరెవరో దాసెవరో తెలీదే తల్లీ! నీ సగం నువ్వు పట్టుకుపో!" అని పైడమ్మతో మొత్తుకున్నాడు మునసబు.

అంతలో ఓ పెట్ట ఆయన తలపాగా ఎక్కి, తొలి గుడ్డు పెట్టేసింది. పైడమ్మ ఆ పెట్టను చంకనెత్తుకుంది.

"ముందుగా ఇది నాది, బాబూ."

"నీదని ఎలా తెలుసే?"

"తమరిదైతే, తమరి తలపాగాలో గుడ్డు పెట్టడానికి దానికెన్ని గుండెలు!"