గుప్పెడు దాటనివ్వని గింజమ్మ తల్లి

గింజమ్మ గట్టు మీద వెలసిన తల్లి బియ్యపు గింజ కంటే పెద్దది కాదు. వెండి పళ్ళెంలో, తమలపాకు మీద కొలువై ఉంటుంది. కొత్తగా వచ్చినవారు గర్భగుడి ముందు నిలబడి అమ్మ ఏదీ అని వెతుక్కుంటారు. అర్చకులు దీపం దగ్గరికి తెచ్చినప్పుడు రెండు కళ్ళు కనబడతాయి. ఆ పైన చూపు తిప్పుకోవడం ఎవరి తరమూ కాదు.

పూర్వం ఇక్కడ వీరప్పయ్య స్వామి వానల కోసం నలభై రోజుల ఉపవాసం పట్టారు. ఉపవాసం విడిచే పారణనాటి తొలి ముద్దలో రాయి తగిలితే ఉపవాసం మళ్ళీ మొదటికి రావాలన్నది నియమం. అప్పటికే ఎముకల గూడైన స్వామి మరో నాలుగు రోజులు కూడా బతికేలా లేరు. బియ్యం ఏరే పని ఓబుళమ్మది. ఆమె ఏరిన బియ్యంలో రాయి వెతకడమంటే కోడిగుడ్డుకు ఈకలు పీకడమేననేవారు.

ఆనాడు వచ్చే జనానికి పది చాటల బియ్యం కావలసి వచ్చింది. చేయి బాగా అలవాటుపడ్డాక మరింత శ్రద్ధగా ఏరుదామని స్వామివారి బియ్యాన్ని ఆమె చివరికి ఉంచుకుంది. పాపం, పొరపాటు అక్కడే జరిగింది. మూడో చాటకు విసుగు పుట్టింది. ఆరో చాటకు ఆ విసుగు కూడా తెలియలేదు. వేళ్ళు వాటి మానాన తిరుగుతున్నాయి, కళ్ళు తెరిచే ఉన్నాయి, ఓబుళమ్మ మాత్రం అక్కడ లేదు.

స్వామి తొలి ముద్ద నోట పెట్టగానే పంటి కింద కరుక్కుమంది. ఆయన ఆ రాయిని విస్తరి అంచున పెట్టి, లేవబోయారు. ఓబుళమ్మ ఆయన కాళ్ళ మీద పడింది.

"నేను కండ్లు మూయలేదు సామీ. సూస్తానే ఉండాను," అంది.

తలెత్తేసరికి విస్తరి అంచున ఉన్న రాయి ఆమెనే చూస్తోంది. ఓబుళమ్మ ఒళ్ళు జలదరించి స్పృహ తప్పింది. ఆ మైకంలో తల్లి ఆమె నోటనే పలికింది.

"నీ చేతేళ్ళ కింద ఐదుతూర్లు దొర్లితిని, కనపడలేదా బిడ్డా? నీ తప్పు గాదులే. ఒకే పని మీద మనసు శానాసేపు నిలవదు. గుప్పెడు ఏరి లెయ్. ఇంకో చేతికియ్యి."

స్వామి చేతులు జోడించి, పంటికి తగిలింది రాయి కాదు, తల్లి కనుక తన నియమం చెడలేదన్నారు. మళ్ళీ కొత్తగా బియ్యం తెప్పించి, వచ్చినవారంతా వరుసగా కూర్చుని తలా గుప్పెడు ఏరారు. ఇసుక రేణువు కూడా వారి కళ్ళు కప్పలేకపోయింది. ఆ బియ్యం వండి వడ్డించగా స్వామి పారణ ముగించారు. ఆయన ఇంకా విస్తరి ముందు ఉండగానే తొలి చినుకు పడిందట.

నేటికీ ఇక్కడి అన్నదానానికి బియ్యం భక్తులే ఏరుతారు. ఎంతటివారికైనా గుప్పెడే. పుణ్యం మూటగట్టుకుందామని చాటెడు ముందు వేసుకున్నవారిని మెల్లగా లేపి పంపుతారు. దూరప్రయాణాల లారీ డ్రైవర్లు దారి మళ్ళించుకుని మరీ వస్తారు. గుప్పెడు ఏరి, మంటపంలో కాసేపు నడుం వాల్చి బయలుదేరతారు. అలా లేచి వెళ్ళినవారి చేతి మీదుగా ఎవరి ప్రాణానికీ ముప్పు రాదని ఇక్కడివారి నమ్మకం.