ఉప్పు పంజరంలో చిలుక

అనగనగా ఒక రాజుగారు, పిల్లలూ. ఆయన రాజ్యం ఎంత చిన్నదంటే, అలాంటివి వెయ్యి తెచ్చి ఆవగింజ మీద పెట్టినా ఇంకా చోటు మిగిలేది. నవ్వకండి! అక్కడా కోటగుమ్మాలున్నాయి, మూటలు మోసేవాళ్ళున్నారు. ఏ పని జరగాలన్నా ఒక దీపం ఖర్చవ్వాల్సిందే. గుమ్మం తీస్తే ఒకటి కొండెక్కేది, మూట ఎత్తితే ఇంకొకటి. ఎర్రటి ఏటి మీద చక్కెర బిళ్ళలూ చల్లగాలీ వచ్చేవి. వాటితో ఖాళీ ప్రమిదలు మళ్ళీ వెలిగించుకునేవాళ్ళు.

ధూమకంఠుడనే మాంత్రికుడికి ఇది చూసి కన్నుకుట్టింది. గాలినంతా చిలుకగా మార్చి పంజరంలో పెట్టి, తన ప్రాణమూ అందులోనే దాచాడు. కోటలో చక్కెర విసిరే తిరగలినీ, దాన్ని తిప్పే తరళ అనే పిల్లనీ ఎత్తుకుపోయాడు. వాడి గుహలో నీటిచుక్క లేదు గనక పంజరాన్ని ఉప్పుకడ్డీలతోనే కట్టుకున్నాడు.

గాలి లేక కోటలో చక్కెర సగం విరిగి పులిసిపోయేది. జనం ఒళ్ళు పీకుతోందని మూలిగేవాళ్ళు. రాజుగారు మంచం పట్టారు. ఆయన గుండె దగ్గర గుప్పెడు దీపాలే మిగిలాయి. అవి కొండెక్కితే ఆయన దక్కరు.

"ఒక్క చక్కెర బిళ్ళతో నా గుహలో ముప్పై ప్రమిదలు వెలిగించండి, చిలుకను ఇస్తాను. ఓడితే రాయైపోతారు" అని కబురు పంపాడు మాంత్రికుడు.

పెద్దకొడుకు వీరకేతు తండ్రి దీపాలు రెండు తీసుకుని వెళ్ళాడు. బిళ్ళనంతా ఒక్కసారే మంటలో పడేశాడు. భగ్గుమని మీసాలు కాలాయి, ఒక్క దీపమూ వెలగలేదు. రాయైపోయాడు. రెండోవాడు ధనకేతు ఇంకో రెండు దీపాలతో వెళ్ళాడు. వాటిని ఖర్చుపెట్టడానికి మనసొప్పక ఊరికే కూర్చున్నాడు. వాడూ రాయే.

మూడోవాడు మణికేతు బయలుదేరేనాటికి నాలుగే మిగిలాయి. మహారాణి రెండు తీసి అందించింది. "జాగ్రత్త నాయనా" అంది.

దారిలో ఏట్లో కొట్టుకుపోతున్న చీమను మణికేతు తీసి గట్టున పెట్టాడు. ఆ రాజ్యపు చీమ ఎంత చిన్నదో మీరే ఊహించుకోండి! "బాబూ, చక్కెర సంగతి నాకు తెలుసు. ముందు రెండు దీపాలూ ఇచ్చేస్తేనే అది విరుగుతుంది. ఆ తర్వాత కొంచెం కొంచెంగా అరగదీయాలి" అంది చీమ.

గుహలో మణికేతు దీపాల వంక చూశాడు. ఇవి నాన్న దీపాలు! అయినా కళ్ళు మూసుకుని రెండూ బిళ్ళకిచ్చేశాడు. అది రెండు ముక్కలైంది. నాలుగు ప్రమిదలు వెలిగాయి.

"నాలుగేనా?" అని మాంత్రికుడు పకపకా నవ్వాడు.

తరళ ముక్కల్ని తిరగలిలో వేసింది. మరో రెండు ప్రమిదలు వెలిగాయి. విసిరిన రవ్వలు తిరగలి కింద మెట్టు మెట్టుగా దిగి, అడుగు మెట్టు దగ్గర గుంపుకట్టేశాయి. తిరగలి ఆగిపోయింది.

"వీటిని అందుకోవడానికి గాలి ఉండాలి" అంది తరళ.

మణికేతుకు చిన్నప్పటి ముచ్చట గుర్తొచ్చింది. తిరగలి కోటలో ఉన్నప్పుడు, గాలి తగిలే ఆ అడుగు మెట్టు ఎప్పుడూ తడిగా ఉండేది, అక్కడ ఆడుకుని అమ్మచేత తిట్లు తినేవాడు. "అయ్యా, చిలుకను ఆ మెట్టు మీద పెట్టు. తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు నెమ్మదిగా.

తాళం ఉండగా భయమెందుకని మాంత్రికుడు పెట్టాడు. చిలుక ఒక్కో రవ్వనూ ముక్కుతో అందుకుంది. అందుకున్న రవ్వ నీటిబొట్టయింది. తిరగలి గిర్రున తిరిగింది, ముప్పై ప్రమిదలూ వెలిగాయి. బొట్లు పడీ పడీ ఉప్పుకడ్డీలు కరిగిపోయాయి.

"తాళం నువ్వే ఉంచుకో మావా!" అని చిలుక ఎగిరిపోయింది. ప్రాణం దాచుకున్న పంజరం కరగడంతో మాంత్రికుడు పొగై ఏటి మీదుగా బయటికి పోయాడు. బయట చెట్ల ఆకులు వాణ్ణి పట్టుకుని ఎండలో చక్కెరగా మార్చేశాయట. రాళ్ళైన అన్నలు మళ్ళీ మనుషులయ్యారు.

మణికేతు పరుగున వచ్చి తండ్రి గుండె దగ్గర దీపాలు పేర్చాడు. "ఎంత వెలుగురా!" అంటూ రాజుగారు లేచి కూర్చున్నారు. మహారాణి కొడుకును పట్టుకుని ఏడ్చేసింది.

మణికేతుకు తరళతో పెళ్ళయింది. వాళ్ళు చల్లగా చాలాకాలం ఏలారు. ఇప్పుడు ఒకసారి ఊపిరి పీల్చండి చూద్దాం. అదిగో, చిలుక మీ ఒంట్లోని ఆ బుల్లి కోటకు వెళ్ళింది.