తొలిముద్ద ఎవరి పేర?

అనగనగా, దేవుడున్నాడా లేడా అని రాజసభల్లో పోట్లాడుకునే రోజుల్లో, చందనగిరి రాజ్యంలో కువలయ అనే రాకుమారి ఉండేది. ఆ పిల్లకు విషజ్వరం వచ్చింది. ఇక లాభం లేదనుకున్నారు. రాజవైద్యురాలు మంగమాంబ ఏదో వేరు అరగదీసి పోస్తే, ఎలాగో బతికి బట్టకట్టింది.

ఇక పథ్యం పెట్టాలి. మెత్తటి అన్నం, మిరియాల చారు. అయితే ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. జ్వరం తగ్గినవాళ్ళు, తమను కాపాడినవారి పేరు చెప్పి తొలిముద్ద తీసి పక్కన పెట్టాలి. అది వారికి పంపాకే తాము తినాలి.

"దేవుడి పేరు చెప్పు తల్లీ," అన్నాడు ఆస్థాన పండితుడు పురందర భట్టు.

"లేనివాడికి ముద్దెందుకయ్యా?" అన్నాడు రెండో పండితుడు కాలదత్తుడు.

రాజుగారు సత్యమంటే ప్రాణమిచ్చే మనిషి. "అబద్ధపు ముద్ద నా కూతురిచేత తీయించను. ఉన్నాడో లేడో ముందు తేల్చండి," అన్నాడు. చూశారా పిల్లలూ, సత్యం మీద మక్కువతో బిడ్డ కడుపు సంగతి మరిచాడు మారాజు.

"కుండ ఉందంటే కుమ్మరి ఉన్నట్టే. ఇంత లోకం ఎవరూ చేయకుండానే వచ్చిందా?" అన్నాడు పురందరుడు.

"కుమ్మరినీ ఒక తల్లి కన్నది. మరి మీ దేవుణ్ణి కన్నదెవరు?" అన్నాడు కాలదత్తుడు.

అన్నం చల్లారింది. మళ్ళీ వండారు.

"సూర్యుడు ఏనాడైనా దారి తప్పాడా? ఆ కట్టడి పెట్టినవాడొకడు ఉండాలిగా."

"నీళ్ళు పల్లానికి పోతాయి. వాటికెవరు చెప్పారు? అది వాటి గుణం."

మళ్ళీ చల్లారింది. మళ్ళీ వండారు. చారు వాసనకు కువలయకు నోరూరుతోంది, కళ్ళు మాత్రం తిరుగుతున్నాయి. "ఈ పూట తినకపోతే పిల్ల మనకు దక్కదు," అని మంగమాంబ రాజుతో తెగేసి చెప్పింది. పాపం, రాజు పండితులవైపే చూశాడు.

"చావు నోట్లోంచి రాకుమారి లేచొచ్చింది. ఇంతకన్నా రుజువేం కావాలి?" అన్నాడు పురందరుడు.

ఈసారి కాలదత్తుడు గొంతు తగ్గించాడు. "సాలెల వీధిలో చౌడమ్మ కూతురు ఇదే జ్వరంతో పోయింది. ఆ పిల్లనెందుకు కాపాడలేదు?"

పురందరుడు తల దించుకుని, "నాకు తెలియదు," అన్నాడు.

ఆ పిల్ల పోయిందన్న మాట కువలయ గుండెలో గుచ్చుకుంది. "అవ్వా, ఆ పిల్లకు అందని వేరు నాకెక్కడిది?" అని మంగమాంబను అడిగింది.

మంగమాంబ కళ్ళొత్తుకుంది. "చౌడమ్మదే తల్లీ. కూతురి కోసం కొండెక్కి తవ్వుకొచ్చింది. తిరిగొచ్చేసరికి పిల్ల లేదు. నీకూ అదే జ్వరమని విని, ఈ బిడ్డయినా బతకనీ అని నా చేతిలో పెట్టి పోయింది."

కువలయకు ఏడుపు ఆగలేదు. ముద్ద తీసి పక్కన పెట్టింది. "ఇది చౌడమ్మ పేర. ఆమెకు అంత మనసు ఇచ్చినవారు ఎవరైనా ఉంటే, వారికీ నా దండం," అంది.

ఆ ముద్దను పండితులిద్దరే తీసుకెళ్ళారు. "ఆమె మనసులో ఉన్నది దేవుడే," అని ఒకరు, "కాదు, అమ్మే," అని ఒకరు, దారి పొడుగునా వాదులాటే. అది చేరాకే కువలయ అన్నం తిన్నది. ఇంతకీ, గుమ్మంలో చౌడమ్మ కనబడగానే వాళ్ళిద్దరూ మాట మాని, ఒక్కసారే చేతులెత్తి మొక్కారట.

దేవుడి సంగతి తేలేదాకా వాదించుకోండి, తప్పులేదు; మేలు చేసిన చేతికి దండం పెట్టడానికి మాత్రం అంతదాకా ఆగకండి.